లెక్క రాని చేతులు

ఎనిమిది లెక్కపెట్టడం రాక పదేళ్ల వయసులో నా మృదంగం ఆగిపోయింది.

మాది రాజమండ్రి. 1984 ఎండాకాలం సెలవుల్లో నాన్న నన్ను ఒక మాస్టారి దగ్గర చేర్చారు. చేతులు త్వరగానే తిరిగాయి. త, ధి, తొం, నం రెండు వారాల్లో పలికాయి. పాఠానికి ముందు ఎడమవైపు రవ్వముద్ద అంటించడం, అయ్యాక గీకేయడం కూడా మాస్టారు నాకే అప్పగించేవారు. తడిరవ్వ వాసన తగిలితే ఇప్పటికీ నా వేళ్లు వాటంతటవే కదులుతాయి. చిక్కంతా తాళం దగ్గర వచ్చింది. ఆది తాళానికి ఎనిమిది అక్షరాలు, అంటే ఎనిమిది లెక్కలు. ఎవరైనా పాడుతుంటే నా చెయ్యి పడాల్సిన చోటే పడేది. మాస్టారు మధ్యలో ఆపి "ఇప్పుడు ఎన్నో అక్షరంలో ఉన్నావురా?" అని అడిగితే మాత్రం నోట మాట వచ్చేది కాదు. దెబ్బ, చిటికెనవేలు, ఉంగరంవేలు, నడిమివేలు. వేళ్లు కళ్లముందే ఉన్నా అంకె దొరికేది కాదు. ముక్తాయింపు వచ్చేసరికి ఒళ్లంతా చెమట. ఒకే ముక్క మూడుసార్లు వాయించి సరిగ్గా సమం మీద, అంటే తాళం మొదటి దెబ్బ మీద వాలాలి, దానికి ఎక్కడ ఎత్తుకోవాలో ముందే లెక్క కట్టుకోవాలి. పది నెలలు చూసి, నా ఎదుటే నాన్నతో అన్నారాయన: "చెయ్యి ఉందండీ, బుర్రలో లెక్క లేదు. లెక్క లేనివాడికి లయ ఎలా అబ్బుతుంది?"

నాన్న మారు మాట్లాడలేదు. ఇంటికొచ్చాక మృదంగానికి పాత పంచె చుట్టి అటక మీద పెట్టారు.

నేను చెప్పాలనుకున్నది ఐర్లాండు డ్రమ్మరు ఒకతని సంగతి. పేరు లారీ మలెన్ జూనియర్. యూటూ అనే రాక్ బ్యాండు అతనిదే. ఆ మాట ఊరికే అనడం లేదు, ఎందుకో తర్వాత చెబుతాను. అతన్ని వినడం మొదలుపెట్టి ముప్పై ఏళ్లు. ఇన్నేళ్ల తర్వాత తెలిసిన ఒక విషయం వల్ల ఆ ముప్పై ఏళ్లనూ మళ్లీ మొదటినుంచి వినాల్సి వచ్చింది.

1995లో ఆంధ్రా యూనివర్సిటీలో ఎం.ఏ. చదువుతున్నప్పుడు హాస్టల్లో నా రూమ్మేటు సికింద్రాబాద్ కుర్రాడు. ట్రంకుపెట్టె నిండా ఇంగ్లిషు క్యాసెట్లు తెచ్చుకున్నాడు. ఒక రాత్రి కరెంటు పోయింది. బ్యాటరీలతో నడిచే టూ-ఇన్-వన్‌లో యూటూ వాళ్ల "వార్" అనే ఆల్బం పెట్టాడు. గిటారు లేదు, గొంతు లేదు. ముందు డ్రమ్స్ ఒక్కటే. కవాతులో సైనికులు అడుగు కలపడానికి వాయిస్తారే, అలాంటి వాయింపు. గట్టిగా, పొడిగా, వెనక్కి తగ్గనట్టుగా. చీకట్లో మంచం మీద కూర్చున్నవాణ్ని నాకు తెలియకుండానే తొడ మీద తాళం వేస్తున్నాను. పదేళ్ల తర్వాత మొదటిసారి.

ఆ పాట పేరు "సండే బ్లడీ సండే". 1972 జనవరి 30న ఉత్తర ఐర్లాండులోని డెర్రీ పట్టణంలో పౌరహక్కుల కోసం ఊరేగింపుగా వెళ్తున్నవాళ్ల మీద బ్రిటిష్ సైనికులు కాల్పులు జరిపారు. ఆ రోజే పదమూడు మంది చనిపోయారు, గాయపడిన మరొకరు కొన్ని నెలలకు పోయారు. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. ఆ రాత్రికి తెలిసింది ఒక్కటే, ఆ పాటలో ఏదో ఘోరం జరిగింది, దాన్ని ముందుగా చెబుతున్నది పాడేవాడు కాదు, వాయించేవాడు.

అప్పుడు మొదలైంది. వైజాగులో క్యాసెట్ల షాపుల చుట్టూ తిరిగి దొరికినవి దొరికినట్టు కొన్నాను. స్టార్ టీవీలో రాక్ పాటలు వస్తే నా కళ్లు వెనక కూర్చున్నవాణ్నే వెతికేవి. కెమెరావాళ్లు ఎప్పుడూ ముందు నిలబడి పాడే బోనోనే చూపించేవారు. లారీ కనబడేది రెండు మూడు సెకన్లు. కనబడిన ఆ కాసేపూ మొహం బిగించుకుని, ఏదో నొప్పి ఓర్చుకుంటున్నట్టు ఉండేవాడు. నవ్వడేం ఈ మనిషి అనుకునేవాణ్ని.

2013లో ఉద్యోగం నన్ను డబ్లిన్ చేర్చింది. తెలుగు భాషకు సంబంధించిన పని, రెండేళ్ల కాంట్రాక్టు. వెళ్లిన మూడో ఆదివారం ఊరి మధ్యలో బస్సెక్కి మలహైడ్ రోడ్డు వెంట ఉత్తరానికి వెళ్లాను. దారిలోనే లారీ చదివిన మౌంట్ టెంపుల్ స్కూలు వస్తుంది. ఆ తర్వాత ఆర్టేన్. లారీ పుట్టిపెరిగిన పేట అది. 1961 అక్టోబరు 31న పుట్టాడు. చూడ్డానికి అక్కడ ఏమీ లేదు. ఒకేలాంటి రెండంతస్తుల ఇళ్లు, చిన్న చిన్న ముందు తోటలు, చినుకు. గొడుగు వేసుకుని ఒక గంటసేపు ఊరికే నడిచాను. ఏ ఇంటి ముందూ నిలబడలేదు, అది మర్యాద కాదనిపించింది.

తొమ్మిదేళ్లప్పుడు, 1971లో, జో బానీ అనే ఆయన దగ్గర డ్రమ్స్ నేర్చుకోవడం మొదలుపెట్టాడు. ఆ తర్వాత ఆయన కూతురు మోనికా నేర్పింది. ఆర్టేన్‌లో పేరున్న బ్యాండొకటి ఉంది, అప్పట్లో ఆర్టేన్ బాయ్స్ బ్యాండ్ అనేవారు. డబ్లిన్‌లోని క్రోక్ పార్క్ మైదానంలో గేలిక్ ఆటల, అంటే ఐర్లాండు సంప్రదాయ క్రీడల, ఫైనల్సు జరిగితే కవాతు చేస్తూ వాయించేది వాళ్లే. అక్కడ చేరడం ఆ పేట కుర్రాళ్లకు గొప్ప. లారీ చేరాడు. భుజాల దాకా జుట్టు పెంచుకున్నాడు, కత్తిరించుకోమన్నారు. మూడు వారాలకే వదిలేసి వచ్చాడు. అక్కణ్ణించి పోస్టాఫీసు ఉద్యోగుల యూనియన్ బ్యాండులో చేరాడు. వీధుల్లో కవాతు చేస్తూ వాయించే బ్యాండే అదీ. వైజాగు హాస్టల్లో ఆ రాత్రి నేను విన్న సైనికుల నడక ఎక్కణ్ణించి వచ్చిందో, ఆర్టేన్‌లో వానలో నడుస్తుంటే నాకు అర్థమైంది. పుస్తకంలో చదివితే ఇంతలా ఎక్కేది కాదు.

జుట్టు కోసం ఆ బ్యాండు వదిలేసిన కుర్రాడు 1985లో తన సొంత బ్యాండుతో అదే క్రోక్ పార్క్‌లో వాయించాడు. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు పులకరిస్తుంది.

ఆ ఇంట్లో దుఃఖం కూడా ఉంది. చెల్లెలు మేరీ 1973లో చనిపోయింది. తర్వాత, అతనింకా స్కూల్లో ఉండగానే, అమ్మ రోడ్డు ప్రమాదంలో పోయింది. బోనో కూడా పద్నాలుగేళ్లకే తల్లిని పోగొట్టుకున్నవాడు. ఇద్దరినీ దగ్గర చేసిన వాటిలో అదొకటి. వాళ్ల సంగీతం గురించి ఎన్ని మాటలైనా చెప్పొచ్చు గానీ, ఇద్దరు తల్లిలేని పిల్లలు ఒకే గదిలో రోజూ పెద్దగా చప్పుడు చేసుకున్నారన్నది నాకు మిగతా అన్నిటికంటే ముందు గుర్తొస్తుంది.

ఇక "అతనిదే బ్యాండు" అన్న మాట. 1976లో మౌంట్ టెంపుల్ స్కూలు నోటీసు బోర్డు మీద ఒక కాగితం అంటించాడు. బ్యాండు పెడదామనుకుంటున్నాను, వాయించేవాళ్లు కావాలని. ఆ సలహా వాళ్ల నాన్నదేనట. సెప్టెంబరు 25, శనివారం. వచ్చినవాళ్లంతా ఆర్టేన్‌లో వాళ్ల ఇంటి వంటగదిలో కూడారు. డ్రమ్స్ పెట్టాక ఆ వంటగదిలో ఎంత చోటు మిగిలి ఉంటుందో! పాల్ హ్యూసన్, డేవిడ్ ఎవన్స్, ఆడమ్ క్లేటన్ వచ్చారు. మొదటి ఇద్దరినీ లోకం ఇప్పుడు బోనో, ఎడ్జ్ అంటుంది. లారీకి అప్పటికి పదిహేనేళ్లు కూడా నిండలేదు. అది "లారీ మలెన్ బ్యాండు"గా ఒక పది నిమిషాలు నడిచింది, ఈలోగా బోనో వచ్చాడు అని అతనే చెప్పుకుంటాడు. బ్యాండు పేరు ముందు ఫీడ్‌బ్యాక్, తర్వాత ది హైప్, 1978లో యూటూ. ఆ సంవత్సరం మార్చి 17న, సెయింట్ పాట్రిక్ పండగ రోజున, లిమెరిక్‌లో జరిగిన పోటీలో గెలిచి ఐదువందల పౌన్లు తెచ్చుకున్నారు.

పేరు చివర ఆ "జూనియర్" కూడా తర్వాత వచ్చిందే. తండ్రీ కొడుకులిద్దరి పేరూ లారీ మలెన్. కొడుకు సంపాదన పెరిగాక ఇన్‌కంటాక్స్ కాగితాలు తండ్రికి వెళ్లడం మొదలైందట. దాంతో జూనియర్ తగిలించుకున్నాడు.

నా ఆఫీసు డబ్లిన్ రేవు వైపు ఉండేది. అక్కడికి కొంచెం నడిస్తే విండ్‌మిల్ లేన్. యూటూ మొదటి ఆల్బములు రికార్డు చేసిన స్టూడియో అక్కడే ఉండేది. నేను వెళ్లేసరికి స్టూడియో ఎప్పుడో వేరేచోటికి మారింది, పాత భవనం గోడ మాత్రం నేలనుంచి చెయ్యి అందినంత ఎత్తు దాకా అభిమానుల రాతలతో నిండి ఉంది. ఏవేవో భాషలు. మధ్యాహ్నం భోజనం డబ్బా పట్టుకెళ్లి ఆ గోడ ఎదురుగా చాలాసార్లు తిన్నాను. 1980లో మొదటి ఆల్బం "బాయ్" చేసేటప్పుడు నిర్మాత స్టీవ్ లిల్లీవైట్ లారీ డ్రమ్స్‌ను స్టూడియో గదిలోంచి తీసుకొచ్చి రిసెప్షన్ దగ్గర, మెట్ల కింద పెట్టించాడు. రాతి గోడల మధ్య మోత బాగా వస్తుందని. పగలు ఫోన్లు మోగుతుంటాయి కనుక సాయంత్రం ఉద్యోగులు ఇంటికెళ్లేదాకా ఆగి వాయించేవారు. పద్దెనిమిదేళ్ల కుర్రాడు ఖాళీ ఆఫీసు మెట్ల కింద ఒంటరిగా. 2015లో ఆ భవనం పడగొట్టారు. అప్పటికి నా కాంట్రాక్టు అయిపోవస్తోంది. వెళ్లి చూశాను, గోడ లేదు. నేను ఒక మూల తెలుగులో "రాజమండ్రి" అని రాసిన చోటూ లేదు.

"వార్" రికార్డింగు కూడా అక్కడే, 1982లో. అప్పుడే లారీకి ఇష్టం లేని పని ఒకటి చేయమన్నారు. చెవిలో క్లిక్ ట్రాక్ పెట్టుకుని వాయించడం. క్లిక్ ట్రాక్ అంటే యంత్రం చెవిలో టక్ టక్ మంటూ కాలం కొడుతూ ఉంటుంది, డ్రమ్మరు దాన్ని పట్టుకుని పోవాలి. చాలామంది డ్రమ్మర్లకు అది అవమానంగా ఉంటుంది. అతనూ ఒప్పుకోలేదు. ఆ రోజుల్లో అనుకోకుండా ఆండీ న్యూమార్క్ కలిశాడు. స్లై అండ్ ద ఫ్యామిలీ స్టోన్ బ్యాండులో వాయించిన అమెరికన్ డ్రమ్మరు, పెద్ద చెయ్యి. తాను క్లిక్ ట్రాక్ లేకుండా కూర్చోనని ఆయన చెప్పేసరికి లారీ మనసు మార్చుకున్నాడు. ఇది పుస్తకాల్లో చిన్న పిట్టకథగా ఉంటుంది. నేనూ అలాగే చదివి వదిలేశాను. ఇప్పుడు వదల్లేను.

కరువు బాధితుల సాయం కోసం జరిగిన లైవ్ ఎయిడ్ అనే పెద్ద కచేరీ సంగతి కూడా అంతే. 1985 జులై 13, లండన్ వెంబ్లీ స్టేడియం. ప్రపంచమంతా టీవీల ముందుంది. "బ్యాడ్" అనే పాట మధ్యలో బోనో వేదిక దిగి జనంలోకి దూకాడు, ఒక అమ్మాయిని దగ్గరకు తీసుకుని నాట్యం చేశాడు. వెనక వాయిస్తున్న ముగ్గురికీ అతను ఎక్కడున్నాడో కనబడలేదు. వస్తాడో రాడో తెలియదు. ఎన్ని ఆవర్తాలు, అంటే తాళం చుట్లు, అలా పోవాలో ఎవరూ చెప్పలేదు. ఆపకుండా వాయిస్తూనే ఉన్నారు. పాట పన్నెండు నిమిషాల దాకా సాగి, మూడో పాటకు టైమే లేకుండా పోయింది. దిగిన తర్వాత అంతా పాడైపోయిందనుకున్నారు. జనం మాత్రం ఆ రోజు వాయించినవాళ్లలో వీళ్లను బాగా గుర్తుపెట్టుకున్నారు. ఆ వీడియో నేను వందసార్లయినా చూసుంటాను, బోనో కోసం కాదు. వెనకాల ఒక మనిషి, ఎంతసేపో తెలియని కాలాన్ని చేతుల మీద మోస్తున్నాడు.

మధ్య సంవత్సరాల గురించి నాకు ఎక్కువ చెప్పాలని లేదు. 1987లో "ద జాషువా ట్రీ" వచ్చాక వాళ్ల పేరు తెలియని దేశం లేదు. 1990 చివర్లో బెర్లిన్‌లోని హాన్సా స్టూడియోకు వెళ్లినప్పుడు మాత్రం బ్యాండు చీలిపోయేంత పని జరిగింది. బోనో, ఎడ్జ్ డ్రమ్ మెషిన్ల వైపు మొగ్గారు. తనకిక పనిలేదేమో అన్న బాధ లారీకి. అతను అలిగి పోలేదు. క్రీమ్, జిమీ హెండ్రిక్స్ లాంటి పాత రాక్ వింటూ, కాలానికి అటూ ఇటూ జరిగి వాయించడం ఎలాగో మళ్లీ నేర్చుకున్నాడు. అప్పటికే కోట్ల రికార్డులు అమ్ముడుపోయిన మనిషి.

1996లో అతనూ ఆడమ్ క్లేటనూ కలిసి "మిషన్ ఇంపాజిబుల్" సినిమాకు పాత టీవీ సీరియల్ బాణీని మళ్లీ చేశారు. అసలు బాణీ లాలో షిఫ్రిన్‌ది, ఐదు మాత్రలది. మన లెక్కలో ఖండం. వీళ్లు దాన్ని నాలుగుకు, అంటే చతురశ్రానికి మార్చారు. డాన్సు హాళ్లలో జనం అడుగు వెయ్యడానికి వీలుగా. అమెరికాలో ఎనిమిదో స్థానం, బ్రిటన్‌లో ఏడో స్థానం దాకా వెళ్లింది. ఖండం వదిలేశారని అప్పట్లో నేను కొంచెం నొచ్చుకున్నాను. ఆ నొచ్చుకోవడం ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నాను.

2019 డిసెంబరు 15. ఆదివారం. యూటూ మన దేశంలో మొట్టమొదటిసారి. నవీ ముంబయి డీవై పాటిల్ స్టేడియం. నేనూ, నా హాస్టలు రూమ్మేటూ హైదరాబాదు నుంచి హుస్సేన్‌సాగర్ ఎక్స్‌ప్రెస్‌లో వెళ్లాం. ఇద్దరికీ జుట్టు నెరిసింది. ఆ పర్యటనలో పెద్ద వేదిక ముందు జనం మధ్యకు చొచ్చుకొచ్చిన చిన్న వేదిక ఒకటుంది, చెట్టు నీడ ఆకారంలో. లైట్లు ఇంకా పూర్తిగా తగ్గలేదు. ఒక మనిషి ఒక్కడే నడుచుకుంటూ వచ్చాడు. చెయ్యి ఊపలేదు, ఏమీ అనలేదు. చిన్న వేదిక మీద డ్రమ్స్ ముందు కూర్చున్నాడు. మొదలుపెట్టాడు.

అదే. గిటారు లేదు, గొంతు లేదు. వైజాగులో కరెంటు పోయిన రాత్రి విన్నదే. నా రూమ్మేటు నా చెయ్యి పట్టుకున్నాడు. ఇద్దరం ఏడ్చాం. దానికి ఇంకో మాట లేదు.

ఆ రాత్రి అతని చేతుల్ని దగ్గరగా, పెద్ద తెర మీద, రెండు గంటలు చూశాను. మామూలుగా ఫ్లోర్ టామ్ అనే పెద్ద డ్రమ్ము కుడివైపు ఉంటుంది. అతను ఎడమవైపు కూడా ఒకటి పెట్టుకుంటాడు. ఒక స్టాండుకు టాంబరిన్ బిగించి ఉంటుంది, కొన్ని దెబ్బలకు దాన్నే తాకుతాడు. చివర్లో ఏ.ఆర్. రెహమాన్ తన కూతుళ్లతో వచ్చి "అహింస" పాట పాడినప్పుడు స్టేడియం మొత్తం హోరెత్తింది. అప్పుడు కూడా ఆ మనిషి మొహంలో అదే బిగువు, అదే ఓర్పు.

2023 సెప్టెంబరులో లాస్ వెగాస్‌లో స్ఫియర్ అనే కొత్త హాలు యూటూతోనే తెరుచుకుంది. నలభై ప్రదర్శనలు. లారీ లేడు. ఏళ్ల తరబడి కొట్టి కొట్టి మోచేతులు, మోకాళ్లు, మెడ అన్నీ అరిగాయి, సర్జరీ నుంచి కోలుకుంటున్నాడు. అతని చోట నెదర్లాండ్స్‌కు చెందిన బ్రామ్ వాన్ డెన్ బెర్గ్ వాయించాడు. 1978 తర్వాత లారీ లేకుండా యూటూ వేదికెక్కడం అదే మొదలు. బ్రామ్ చక్కగానే వాయించాడు, నిందించడానికి ఏమీ లేదు. నేను రెండు వీడియోలు చూసి ఆపేశాను.

2024 చివర్లో, డిస్లెక్సియా (చదవడం, రాయడం కష్టమయ్యే స్థితి) ఉన్న పిల్లల గురించి తీసిన ఒక డాక్యుమెంటరీకి సంగీతం ఇచ్చిన సందర్భంలో లారీ రేడియోలో మాట్లాడాడు. తనకు డిస్కాల్క్యులియా ఉందని చెప్పాడు. అంకెలు బుర్రకెక్కని స్థితి అది. తెలివితో దానికి సంబంధం లేదు. లెక్కపెట్టలేను, కూడలేను అన్నాడు. తన విషయంలో ఏదో తేడా ఉందని ఎప్పుడూ తెలుసట, దానికొక పేరుందని తెలిసింది మాత్రం ఈమధ్యే. వాయించేటప్పుడు ఆవర్తాలు లెక్కపెట్టడం తనకు ఎవరెస్టు ఎక్కడంలా ఉంటుందట. నువ్వు వాయిస్తుంటే బాధపడుతున్నట్టు కనబడతావేం అని జనం అడుగుతారట. నిజంగానే బాధపడుతున్నాను, లెక్కపెట్టడానికి తంటాలు పడుతున్నాను అన్నాడు.

అప్పుడు నేను రాజమండ్రిలో, నాన్న దగ్గర ఉన్నాను. ఫోనులో ఆ మాటలు చదివి వరండాలోకి వెళ్లి నిలబడ్డాను. ముప్పై ఏళ్లు నేను చూసిన మొహం అది. నవ్వడేం అనుకున్న మొహం. వంటగదిలో, మెట్ల కింద, వెంబ్లీలో, నవీ ముంబయిలో, ప్రతిచోటా లోపల లెక్క తప్పిపోతూ, బయట ఒక్క దెబ్బ తప్పకుండా. క్లిక్ ట్రాక్ ఎందుకు చేతికర్ర అయిందో, పదేపదే ఒక్కో ముక్కా విడదీసి ఎందుకు సాధన చేసి ఉంటాడో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. నాకున్నదీ అదేనని ఏ డాక్టరూ చెప్పలేదు, నేను అడగలేదు. కానీ "ఎన్నో అక్షరంలో ఉన్నావురా" అన్న ప్రశ్న ఆ మనిషి జీవితమంతా తనను తాను వేసుకున్నాడని తెలిశాక, ఆ పదేళ్ల పిల్లాడి పక్కన వెళ్లి కూర్చోవాలనిపించింది.

లోపలికొచ్చి నాన్నకు చెప్పాను. ఆయనకు ఎనభై రెండు. మాస్టారు అన్న మాట ఆయనకూ గుర్తుంది. కాసేపు ఊరుకుని, "లెక్క రాకుండా అన్నేళ్లు ఎలా వాయించాడ్రా?" అన్నారు.

"వినండి నాన్నా" అని ఫోనులో ఆ పాటే పెట్టి ఆయన చెవి దగ్గర పట్టుకున్నాను. డ్రమ్స్ మొదలయ్యాయి. నాన్న కళ్లు మూసుకున్నారు. పడకకుర్చీ చేతి మీద ఆయన వేళ్లు కదిలాయి. దెబ్బ, చిటికెనవేలు, ఉంగరంవేలు, నడిమివేలు. దెబ్బ, విసురు. దెబ్బ, విసురు.

"ఆది తాళమేగా ఇది" అన్నారు.

"అవును నాన్నా" అన్నాను. ఆ కుర్చీ రెండో చేతి మీద నేనూ వాయించడం మొదలుపెట్టాను.